ప్రైరీ పూల విత్తనం: మే కాదు, నవంబరు

ప్రశ్న: అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, అరోరాలో ఉంటున్నాం. ఇంటి వెనక వెయ్యి చదరపు అడుగుల గడ్డి తీసేసి, పశువుల ఎరువు దట్టంగా వేసి, మే నెలలో అక్కడి ప్రైరీ (సహజ గడ్డిమైదానం) పూల విత్తనాలు చల్లాం. రెండు నెలలైనా కోన్‌ఫ్లవర్ మొలకలు నాలుగే కనిపిస్తున్నాయి. మిగతాదంతా కలుపే. విత్తనం నకిలీదా? దున్నేసి మళ్లీ వేయమంటారా?

జవాబు: దయచేసి దున్నకండి. విత్తనం చాలావరకు నేలలో బతికే ఉండొచ్చు. ఈ మొక్కలు శరదృతువులో గింజ రాలుస్తాయి. అప్పుడే మొలిస్తే మంచుకు చచ్చిపోతాయి కాబట్టి, కొన్ని వారాలు తడి, చలి రెండూ తగిలితేనే చాలా రకాల్లో నిద్రావస్థ వీడుతుంది. మిల్క్‌వీడ్‌కు సుమారు 30 రోజులు, ప్రైరీ బ్లేజింగ్ స్టార్‌కు 60 రోజులు కావాలి. మేలో వేసిన గింజకు ఆ చలి దొరకలేదు. వచ్చే వసంతంలో మరికొన్ని మొలుస్తాయి.

ఖాళీలు నింపడానికి నవంబరు మధ్యలో, నేల బాగా చల్లబడ్డాక చల్లండి. చదరపు అడుగుకు 40 నుంచి 60 గింజలు చాలు. మన దగ్గర నువ్వులకు చేసినట్టే ఇసుకలో కలిపి చల్లి, పైన కాళ్లతో తొక్కండి. మట్టి కప్పొద్దు, సన్న గింజలకు వెలుతురు కావాలి. వైల్డ్ ఇండిగో గింజ పెంకు గట్టిది. ఉప్పుకాగితంతో కాస్త రుద్ది, ఆ జాతికి తగిన రైజోబియం కల్చర్ (వేళ్లలో ఉండి నత్రజని అందించే బ్యాక్టీరియా పొడి) పట్టించండి.

ఎరువు మాత్రం ఇక వేయొద్దు, అది కలుపుకే బలం. ప్రైరీ మొక్క మొదటి ఏడాది పైకి ఎదగకుండా వేరు దింపుకుంటుంది. కలుపు అడుగు ఎత్తుకు రాగానే ఆరంగుళాల దగ్గర కోసేయండి, గింజ కట్టనివ్వొద్దు. పీకితే పక్కనున్న లేత మొలకల వేళ్లు కదులుతాయి. పూలు నిండుగా రావడానికి మూడేళ్లు పడుతుంది, టెన్షన్ పడకండి. మీకు దగ్గర్లో బటావియాలోని ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల ఆవరణలో 1975 నుంచి ఇలాగే ఓపికగా ప్రైరీని తిరిగి పెంచుతున్నారు.

మీ పని చిన్నదేం కాదు. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు సుమారు 2.2 కోట్ల ఎకరాల ప్రైరీ ఉండేది, చెక్కుచెదరకుండా మిగిలింది అందులో వెయ్యో వంతు కూడా లేదు. మోనార్క్ సీతాకోకచిలుక పిల్లపురుగులు మిల్క్‌వీడ్ ఆకు తప్ప వేరేది తినవు. ఆకులు కొరికేసినా పురుగుమందు కొట్టకండి. ఆ మొక్క పాలు కంట్లో పడితే ప్రమాదం, గ్లౌజులు వేసుకోండి.

ఈసారి విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రతి మొక్క శాస్త్రీయ నామం చూడండి. ఉత్త ‘వైల్డ్‌ఫ్లవర్ మిక్స్’ అని ఉంటే అందులో ఇల్లినాయ్‌వి కాని పూలు కూడా కలిసి ఉండొచ్చు.