తేదీని మూడు ముక్కలు చేయకండి

పాత ఫైళ్లు తీసేసే చిన్న పైథాన్ స్క్రిప్టుకు (ప్రోగ్రాముకు) పద్నాలుగు వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు) అయ్యాయి, తేదీల దగ్గర తికమకగా ఉంది, ఎలా తగ్గించాలి అని అడిగారు. రోజుకొకటి, నెలకొకటి, సంవత్సరానికొకటి పెట్టుంటారు. రోగం అక్కడే ఉంది.

2019లో నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఓ చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. స్కాన్ చేసిన బిల్లులు 02-11-2019 లాంటి పేర్లతో ఒక ఫోల్డర్‌లో పడేవి. నెల దాటినవి తీసేయడానికి స్క్రిప్ట్ రాశాను. నెలలోంచి ఒకటి తీసేసి (జనవరిలో ఏమవుతుందన్న ఆలోచనే లేదు), మూడు ముక్కలూ అతికించి, ఫైలు పేరుతో పోల్చాను. నవంబరు 15 సాయంత్రం నడిపి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అకౌంట్స్ మేడమ్ నా సీటు దగ్గర నిలబడి ఉన్నారు. నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం సెలవు తర్వాత వచ్చిన బిల్లులన్నీ మాయం! ఆగస్టు 31 బిల్లు మాత్రం దర్జాగా కూర్చుంది. పైథాన్‌తో తీసేసినవి రీసైకిల్ బిన్‌లో కూడా దొరకవు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

రాత్రి చపాతీ తింటూ మా రూమ్మేట్ అనంతపురం అన్న కోడ్ చూసి పగలబడి నవ్వాడు. "ఒరేయ్, నువ్వు పోల్చింది తేదీలను కాదు, అక్షరాలను. 02లో మొదట సున్నా, 15లో మొదట ఒకటి. చిన్నది పాతదని అక్కడే తేలిపోయిందిగా, ఇంక నెల దాకా ఎందుకు పోతుంది?"

ఈరోజు తేదీని పైథాన్‌లోనే ఉండే డేట్‌టైమ్ మాడ్యూల్‌తో ఒక్క వేరియబుల్‌లో పెట్టండి. అందులోంచి, రోజుల తేడాను పట్టుకునే టైమ్‌డెల్టాతో 30 రోజులు తీసేస్తే రెండోది, అంటే గడువు తేదీ. ఫైళ్ల తేదీలనూ ముందు తేదీలుగా మార్చి, ఆ తర్వాతే పోల్చండి. ఫైలు పేరులో పెట్టాలంటే ఆ తేదీనే స్ట్రింగ్ (అక్షరాల వరస) చేయండి, 2019-11-02 అని సంవత్సరం ముందుగా వస్తుంది. అప్పుడు పేర్ల వరసే తేదీల వరస. వాట్సాప్ ఫొటోల పేర్లు చూడండి, అక్కడా సంవత్సరమే ముందు.

వేరియబుల్స్‌కు టెంప్, టెంప్2, ఫైనల్2 అని పేర్లు పెట్టమని ఏ వీడియోలో నేర్పుతున్నారో గానీ, వాళ్లకో దండం. పైథాన్ 3లో తెలుగులోనే 'గడువు' అని పెట్టినా తీసుకుంటుంది.

డిలీట్ లైన్ బదులు, ఫైలు పేరును స్క్రీన్ మీద చూపే ప్రింట్ పెట్టి నాలుగు రోజులు చూడండి. నేను చూడలేదు. శనివారం ఒక్కణ్నే కూర్చుని ఆ బిల్లులన్నీ మళ్లీ స్కాన్ చేశాను, ప్రతి మూడో కాగితం స్కానర్‌లో ఇరుక్కుంటుంటే.