నీట్ పోయింది, బయోఇన్ఫర్మాటిక్స్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండుసార్లు రాసినా నీట్‌లో సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మంచిదా, బయోఇన్ఫర్మాటిక్సా? రెండోది చదివితే సాఫ్ట్‌వేర్ జీతాలు వస్తాయంటున్నారు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి చదువు ఎక్కడికీ పోలేదండీ. ఏ దారిలో వెళ్లినా ఆమెకు చోటుంది, ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

ఇక నా అనుమానం చెబుతాను. బయోఇన్ఫర్మాటిక్స్ అంటే జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం. పేరులో కంప్యూటర్ వాసన ఉందని చాలామంది ఈ కోర్సులో చేర్పిస్తున్నారు. కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్, కాస్త బ్లాస్ట్ (డీఎన్‌ఏ, ప్రోటీన్ సీక్వెన్సులకు పోలికలు వెతికే టూల్), నాలుగు ప్రోటీన్ బొమ్మలు చూపించి పట్టా చేతిలో పెట్టే కాలేజీలు ఉన్నాయి. సీక్వెన్స్ పేస్ట్ చేసి బ్లాస్ట్ బటన్ నొక్కడం ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకుంటారు. దానికి జీతం ఎవరిస్తారు?

అసలు పని వేరే ఉంది. కణితి నుంచి మూడు, మామూలు కణజాలం నుంచి మూడు శాంపిళ్లు తీసి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) చేశారనుకోండి. చివరికి సుమారు 20,000 జన్యువుల పట్టిక మిగులుతుంది. రెండు రకాల శాంపిళ్ల మధ్య తేడా ఉందా అని ఒక్కోదానికీ టెస్ట్ పెట్టి, పీ-వాల్యూ (నిజంగా తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 లోపు వచ్చినవన్నీ ఏరితే, నిజంగా ఏ తేడా లేకపోయినా దాదాపు 1,000 జన్యువులు తేడా ఉన్నట్టే కనబడతాయి. అందుకే ఇలాంటి తప్పుడు ఫలితాల వాటాను అదుపులో పెట్టడానికి 1995లో బెంజమిని, హోక్‌బర్గ్ అనే స్టాటిస్టిక్స్ నిపుణులు చెప్పిన సవరణ వాడతారు. పైగా కణితి శాంపిళ్లన్నీ ఒక రోజు, మిగతావి ఇంకో రోజు సిద్ధం చేసి ఉంటే, కనబడే తేడా జబ్బుదో రోజుదో ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు. ఆ సంగతి పసిగట్టాలంటే జీవశాస్త్రం, స్టాటిస్టిక్స్ రెండూ రావాలి.

పోలిక అడిగారు కాబట్టి: ల్యాబ్ పని ఇష్టమైతే బయోటెక్నాలజీ, లెక్కలంటే భయం లేకపోతే రెండోది. బయోటెక్నాలజీ చదివినా ఆర్ (డేటా విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకుని ఇటు రావచ్చు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. కానీ పరిశోధనలో ఎదగాలంటే పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి, రెండేళ్లకే ప్యాకేజీ అంటే కుదరదు.

ఒక్క మాట కటువుగానే అంటాను. ఇంత రాశారు, ఆమెకు ఏది ఇష్టమో ఒక్క ముక్కైనా రాయలేదు. అసలు అడిగారా? ఆర్, అందులో జన్యు డేటా విశ్లేషణకు వాడే బయోకండక్టర్ ప్యాకేజీలు ఉచితం, జీఈఓ అనే ఆన్‌లైన్ జన్యు డేటా భాండాగారంలో డేటా కూడా ఉచితమే. ఫీజు కట్టేముందు ఒక నెల ఆమెను ఒక డేటాసెట్‌తో కుస్తీ పట్టనివ్వండి. రోజూ పక్కన నిలబడి ఎంతవరకు వచ్చిందని అడక్కండి. నెల తర్వాత నిర్ణయం ఆమే చెబుతుంది, దానికి ఒప్పుకోండి.