వైన్ తాగని అమ్మానాన్నలతో సెంట్రల్ ఒటాగో ద్రాక్షతోటలకు వెళ్లొచ్చా?

"ఏప్రిల్‌లో న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్ వెళ్తున్నాం. అమ్మానాన్నలు వైన్ ముట్టరు. తోటల కోసం ఒక రోజు పెడితే దండగా?" అని అడిగారు కదా. దండగేం కాదండీ. సెంట్రల్ ఒటాగో ఆ ఊరికి దగ్గర్లోని ద్రాక్షతోటల ప్రాంతం. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ ఏప్రిల్ అంటే కోతల కాలం, ఆకులు పసుపు తిరిగే కాలం కూడా.

న్యూజిలాండ్‌లో చదువుకునే రోజుల్లో నేను అక్కడి బానక్‌బర్న్ అనే ఊరి దగ్గర ద్రాక్ష కోతకు వెళ్లాను. పొద్దున్నే గ్లవ్స్ వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోయేవి, మధ్యాహ్నానికి స్వెటర్ విప్పేసేవాళ్లం. పగటి ఎండకు పండులో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు తగ్గిపోకుండా ఉంటుంది. అక్కడ పినో న్వార్ అనే, రెడ్ వైన్ చేసే నల్ల ద్రాక్ష రకానికి అంత పేరు రావడానికి ఇదో కారణం. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద పాకిన అనాబ్-ఎ-షాహీ తోటలు మీ నాన్నగారు చూసే ఉంటారు. సెంట్రల్ ఒటాగోలో పందిరి ఉండదు. నడుమెత్తు తీగలు వైర్ల మీద వరసగా ఉంటాయి, గుత్తులు చిన్నవి. వంగి కొయ్యాలి, నడుం సంగతి అడక్కండి!

రైతుకు అసలు టెన్షన్ మాత్రం అక్కడి వసంతంలో, అంటే మనకు దసరా, దీపావళి రోజుల్లో. చిగురు వేశాక రాత్రి మంచు గడ్డకడితే పంట పోయినట్టే. గాలి కదలని రాత్రుల్లో చల్లగాలి లోయ అడుగుకు దిగిపోతుంది, వెచ్చటి గాలి దాని పైన నిలుస్తుంది. ఆ వెచ్చటి గాలిని కిందికి తోయడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పుతారు, హెలికాప్టర్లు కూడా ఎగరేస్తారు. కొందరు చిగుళ్ల మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతుంది కాబట్టి లోపలి చిగురు సున్నా డిగ్రీల దగ్గర ఆగి బతికిపోతుంది. మంచును మంచుతోనే ఆపడమన్నమాట. మా సూపర్‌వైజర్ చెబితే మొదట నమ్మలేదు. మీ నాన్నగారికి ఆ ఫ్యాన్లు చూపించండి, వైన్ కంటే అవే నచ్చుతాయి.

గిబ్స్‌టన్ తోటలు క్వీన్స్‌టౌన్‌కి దగ్గరే గానీ టూరిస్టుల తాకిడి ఎక్కువ. కవరావ్ లోయ వెంట క్రామ్‌వెల్ ఊరి దాకా వెళ్లండి, క్వీన్స్‌టౌన్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. 1862లో బంగారం కోసం జనం ఎగబడిన చోటు ఇదే. బానక్‌బర్న్‌లో ఆ తవ్వకాలకు కోసుకుపోయిన మట్టి గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి, నడిచి చూడొచ్చు. శాకాహారం అన్నిచోట్లా మనకు నచ్చేట్టు దొరక్కపోవచ్చు, పులిహోర కట్టుకెళ్లండి. కారు మీరే నడిపేట్టయితే రుచి చూసి ఉమ్మేయండి. అందుకోసమే అక్కడ పాత్ర పెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.