పాత కామిక్సులో ఏది అరుదు, ఏది కాదు: మేనల్లుడికి ఉత్తరం

సత్యనారాయణపురం, విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు ఖాళీ చేస్తున్నవారి దగ్గర పాత కామిక్సు కట్ట ఒకటి ఉన్నదనీ, అందులో ఇంద్రజాల్, అమర్ చిత్ర కథ, చందమామ సంచికలు కలగలిసి ఉన్నాయనీ, అన్నీ చాలా అరుదైనవంటూ వారు చెప్పిన ధర ఇవ్వవచ్చునా అనీ నీవు రాసిన ఉత్తరం అందింది. ధర సంగతి తరవాత చూద్దాం. ముందు అరుదు అన్నది అమ్మేవారి మాటలో కాక చేతిలో ఉన్న ప్రతిలో ఎలా వెతకాలో నీకు తెలియాలి.

పాతదనం వేరు, అరుదు వేరు. అమెరికాలో 1938 జూన్ తేదీతో పది సెంట్లకు అమ్మిన, సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ఈనాడు సుమారు వంద ప్రతుల్లోనే మిగలడానికి కారణం, దాన్ని పిల్లలు చదివి పారేశారు, మిగిలినవాటిలో ఎన్నో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చిత్తుకాగితాల సేకరణకు పోయాయి. 1992లో సూపర్‌మాన్ చనిపోయే సంచిక వచ్చినప్పుడు జనం లక్షల్లో కొని, నల్ల కవరు కూడా విప్పకుండా దాచుకున్నారు. అందువల్ల అది ముప్పై ఏళ్లు దాటినా దొరుకుతూనే ఉన్నది. ఏ పుస్తకం చేతికి వచ్చినా దీన్ని ఎవరు దాచారు, ఎవరు పారేశారు అన్న ప్రశ్న ముందుగా వేసుకో.

మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు మరో రకంగా ఉంటుంది. చందమామ 1947 జూలైలో మొదలైంది. మనవాళ్లు దాన్ని పారేయలేదు, ఏడాది సంచికలను కలిపి బైండు చేయించారు. బైండు చేసేవారు చాలాసార్లు అట్టలు తీసేసి, మూడు వైపులా అంచులు కోసేసేవారు. అందుకే లోపలి కథలు పాత బైండు పుస్తకాల్లో విరివిగా దొరుకుతాయి కానీ, వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రం చెక్కుచెదరకుండా, అంచు కోయకుండా ఉన్న విడి సంచిక దొరకడం కష్టం. వారపత్రికల్లో వచ్చిన బొమ్మల కథలకు దీనికి తలకిందులు జరిగింది: సీరియల్ పేజీలు చింపి కుట్టుకోవడం ఇంటింటా ఉండేది కాబట్టి ఆ కుట్టిన కథలు మిగిలాయి, నిండు వారపత్రిక మిగలలేదు. పైగా మనది ఏటి ఒడ్డు ఊరు. చెదలు, తేమ కొంత తింటే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అటకల మీదికి ఎక్కని పుస్తకాలు ఎన్ని పోయి ఉంటాయో తలచుకుంటే నాకు ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక ముద్రణ గుర్తించడం. అసలు కష్టమంతా ఇక్కడే ఉన్నది, నేను మోసపోయిందీ ఇక్కడే. అమర్ చిత్ర కథలో కృష్ణుని కథ 11వ సంఖ్యతో వచ్చింది, దాని ముందు సంఖ్యలు విదేశీ కథలవి. చాలా ఏళ్ల క్రితం ఒక పాత పుస్తకాల దుకాణంలో ఆ 11వ సంఖ్య చూసి, తొలి ముద్రణే అన్న అమ్మకందారు మాట నమ్మి, నెల జీతంలో పెద్ద భాగం పెట్టి కొన్నాను. ఇంటికి వచ్చి ప్రచురణకర్తల చిరునామా తీరిగ్గా చదివితే బొంబాయి పక్కన ఆరంకెల పిన్‌కోడు ఉన్నది. పిన్‌కోడు మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆ కథ తొలి ముద్రణ అంతకుముందే అయిపోయింది. అదే సంఖ్యతో మళ్లీ మళ్లీ అచ్చు వేశారనీ, సంఖ్య కథకు గుర్తే కానీ ముద్రణకు గుర్తు కాదనీ ఆ రాత్రి నాకు అర్థమైంది.

అప్పటినుంచి ప్రతి పుస్తకంలో కథ కన్నా ముందు చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకున్నాను. వెల అణాల్లో ఉంటే అది దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందుదో, ఆ దరిదాపులదో. నయా పైసలు అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996కు ముందు అచ్చయినది కాదు. వెనక అట్ట మీదో, లోపలి అట్ట మీదో ప్రచురణకర్తల ఇతర పుస్తకాల జాబితా ఉంటే, అందులో చివరి పేరు ఎప్పుడు వెలువడిందో వెతుకు. చేతిలోని ప్రతి అంతకన్నా పాతది అయ్యే వీలు లేదు. ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలై 1990లో ఆగింది. దానికి 443 వరకు వరుస సంఖ్యలు ఉండి, ఆ తరవాత సంపుటం, సంచిక అన్న అంకెలు వచ్చాయి కాబట్టి అట్ట మీద సంచిక 1 అని కనిపించగానే మొట్టమొదటిదని పొరబడకు, పక్కనున్న సంపుటం అంకె చూడు.

పునర్ముద్రణను తొలి ముద్రణగా చూపడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ఇందాక చెప్పిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికను 1974లో ప్రచురణకర్తలే పెద్ద సైజులో మళ్లీ అచ్చు వేశారు, దాని పై అట్ట తీసేస్తే లోపల అచ్చంగా పాత ముఖచిత్రమే కనిపిస్తుంది. దాన్ని పట్టించేది కొలత ఒక్కటే, కనుక జేబులో చిన్న స్కేలు ఉంచుకో. దానితోపాటు ఒక భూతద్దం కూడా. అసలు అచ్చులో రంగు చుక్కలు తేటగా, వరస తప్పకుండా కనిపిస్తాయి. రంగు జిరాక్సు తీసి తగిలించిన అట్ట మీద ఆ చుక్కలు మసకబారి అలికినట్టుంటాయి. పిన్నులు కొత్తవై, కాగితం మీద మాత్రం తుప్పు మరక పాతదైతే, మధ్యలో ఎవరో పుస్తకం విప్పారన్నమాట. నడిమి కాగితం ఉన్నదో లేదో, కూపన్లు కత్తిరించారేమో, పేజీలు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి చూడు.

ఇవన్నీ దాటిన ప్రతి ఎంత అరుదో తేల్చేది నీ నోటుపుస్తకమే. నేను ప్రతి ఆదివారం లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణాలు తిరిగి, ఏ సంచిక ఏ తేదీన, ఏ స్థితిలో కంటబడిందో, కొనకపోయినా రాసిపెట్టాను. పదేళ్లలో ఒక్కసారి కనిపించినదీ, రెండు నెలలకొకసారి కనిపించినదీ ఆ పుస్తకంలో వాటంతటవే విడిపోతాయి. ఇంటర్నెట్టులో అడిగే ధరలు ఇందుకు పనికిరావు. ఒకే ప్రతిని పది చోట్ల పెట్టినా దాన్ని ఒక్కటిగానే లెక్కించాలి, అమ్ముడైన ధర మాత్రమే రాసుకోవాలి. ఎంతో అరుదైనా అడిగేవారు లేని పుస్తకాలున్నాయి, విరివిగా దొరుకుతున్నా ఇంద్రజాల్ ముసుగు వీరుడు ఫాంటమ్ బొమ్మ ఉన్నందుకు పోటీపడి కొనేవీ ఉన్నాయి. ఆ రెండు లెక్కలను వేర్వేరు గడుల్లో రాయి.

బ్రాడీపేట కట్టను పగటి వెలుతురులో విప్పి చూడు. ఉన్న వరస చెదరకుండా ఒక్కొక్కదాని వెల, చిరునామా, సంఖ్య, పేజీల లెక్క రాసుకో. తుప్పుపట్టిన పిన్నులు తీయవద్దు, చిరుగులకు టేపు అంటించవద్దు, లామినేషన్ మాట తలపెట్టనే వద్దు. ఆ పుస్తకాలు ఇంట్లో ఎవరు కొన్నారో, ఎప్పటినుంచి ఆ పెట్టెలో ఉన్నాయో పెద్దవారిని అడిగి తెలుసుకో. బయానా మాత్రం ఇంకా ఇవ్వవద్దు. ఆ జాబితా పట్టుకుని వచ్చే ఆదివారం పొద్దున్నే విజయవాడ వచ్చేయి, నా నోటుపుస్తకం పక్కన పెట్టి ఇద్దరం కలిసి చూద్దాం.

నీ శ్రేయస్సు కోరే
మామయ్య