పెల్లెట్లు ముట్టని కాపర్‌బ్యాండ్ చేపను పస్తు పెడితే దారికొస్తుందా?

కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అనే ఉప్పునీటి అక్వేరియం చేపను తెచ్చి పది రోజులైంది, పెల్లెట్ (గోళీల్లాంటి పొడి మేత) వైపు కూడా చూడటం లేదు, షాపువాడేమో "మూడు రోజులు ఏమీ వేయకండి సార్, ఆకలేస్తే అదే తింటుంది" అన్నాడు, నిజమేనా అని కదా అడిగారు. నిజం కాదు. ఆ ఒక్క మాట మీద నాకు చాలా కోపం ఉంది, ఎందుకంటే నా మొదటి కాపర్‌బ్యాండ్‌ను సరిగ్గా ఆ మాట నమ్మే చంపుకున్నాను.

ఆకలేస్తే తింటుందనేది క్లౌన్ ఫిష్‌కి చెల్లుతుంది, డామ్సెల్‌కి చెల్లుతుంది. లయన్ ఫిష్ లాంటి పెద్దనోటి చేప వారం రోజులు ఖాళీ కడుపుతో ఉన్నా దానికేం కాదు. ఇది ఆ రకం కాదండి. పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా రాళ్ళ సందుల్లో ముక్కు దూర్చి, కంటికి కనబడని పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుకుని తినే చేప. అలా రోజంతా మేసేదాని ఒంట్లో నిల్వ ఏముంటుంది? పైగా షాపుల్లోకి వచ్చే కాపర్‌బ్యాండ్లు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. క్లౌన్ ఫిష్ అయితే చాలావరకు హ్యాచరీలో, అంటే పిల్లల్ని పుట్టించి పెంచే చోట పుట్టి, పొడి మేత అలవాటై వస్తుంది కాబట్టి డబ్బా మూత చప్పుడు వింటేనే పైకి వస్తుంది. మీ చేప మాత్రం పుట్టి బుద్ధెరిగాక పైనుంచి గోధుమరంగు గోళీలు రాలడం చూడనే లేదు. దాని దృష్టిలో అది మేత కాదు, గులకరాయి. గులకరాయి తినలేదని ఎవరినైనా పస్తు పెడతామా?

నా మొదటిది 2019లో పోయింది. పన్నెండో రోజుకి పొట్ట లోపలికి పోయింది, పదిహేనో రోజుకి వీపు దగ్గర కండ కరిగి తల పెద్దగా కనబడటం మొదలైంది. తల వెనకాల, వీపు మొదట్లో సన్నబడిందంటే చాలా ఆలస్యమైనట్టు. ఆ తర్వాత మైసిస్ అనే బుల్లి రొయ్యల్లాంటివి వేసినా, ఏం వేసినా చూసింది గానీ నోరు తెరవలేదు. అందుకే చెప్తున్నా, ఇవాళే మీ చేపను ఎదురుగా నిలబడి కాదు, పైనుంచి చూడండి.

రెండోదాని సంగతి చెప్తాను, మీకు పనికొచ్చేది అక్కడే ఉంది.

నాలుగు వేలు పెట్టి తెచ్చాను. మాది నాలుగడుగుల ట్యాంకు, నీళ్ళు సుమారు 300 లీటర్లు. హైదరాబాద్‌లో ఉప్పునీటి ట్యాంకు అంటేనే ఒక పిచ్చి పని అనుకోండి, లీటరుకి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలుపుకుంటూ, వారం వారం ముప్ఫై లీటర్లు మార్చుకుంటూ, చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టం "ఇది పులుసుకి బాగుంటుందా?" అని అడిగితే నవ్వుకుంటూ బతకాలి. ఈసారి పెల్లెట్ జోలికే పోకుండా ఫ్రోజెన్ మైసిస్‌తో మొదలుపెట్టాను. మొదటి రోజు సున్నా. రెండో రోజు సున్నా. వెల్లుల్లి రసంలో నానబెట్టమని అందరూ చెప్తారు కదా, అదీ చేశాను, హాలంతా ఆవకాయ జాడీ మూత తీసినట్టు వాసన వచ్చింది తప్ప చేప కదల్లేదు. వెల్లుల్లి సంగతి ఇంటర్నెట్‌లో ఒకడు రాస్తే వందమంది కాపీ కొట్టారని నా గట్టి నమ్మకం. మీరు ట్రై చేస్తానంటే మీ ఇష్టం.

ఆరో రోజు రాత్రి మా మేనమామకి ఫోన్ చేశాను. ఆయన కాకినాడ పక్కన ఉప్పాడ వైపు ఒక రొయ్యల హ్యాచరీలో చాలా ఏళ్ళు పనిచేశాడు, తర్వాత వనామీ రొయ్యల చెరువులు చేశాడు. అక్వేరియం మొహం ఎప్పుడూ చూడలేదు. అంతా విని "ఒరే అబ్బాయ్, నువ్వు మేత వేస్తున్నావా, చెత్త వేస్తున్నావా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "రొయ్యకైనా మేత చల్లి ఊరుకోం రా, రెండు గంటలాగి చెక్ ట్రే ఎత్తి చూస్తాం, తిన్నదా మిగిల్చిందా అని. నీ చేప ఎక్కడ తింటుందో నీకే తెలియదు, నువ్వు నీళ్ళంతా చల్లితే అది ఎక్కడని వెతుక్కుంటుంది? ఇంకోటి, హ్యాచరీలో రొయ్య పిల్లకి ఆర్టీమియా అని ఉప్పునీటిలో కదిలే బుల్లి జీవాల్ని ఇచ్చేవాళ్ళం, అది తింటుండగానే పక్కన పొడి మేత అలవాటు చేసేవాళ్ళం. ఒక్క రోజులో ఇది ఆపి అది వేసేవాడిని మా ఓనరు తన్ని తరిమేవాడు" అన్నాడు.

లక్షలు పోసి నడిపే హ్యాచరీలో రోజూ జరిగే ఈ పని మన షాపులవాళ్ళలో ఒక్కడికీ తెలియదంటే ఏమనాలి? ఆర్టీమియా సిస్ట్ (ఎండిన గుడ్లు) డబ్బాల్లో చాలావరకు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి మన కోస్తా హ్యాచరీలకి వస్తాయి. అదే సరుకును ఇక్కడ షాపులో చిటికెడు పొట్లం కట్టి బంగారం రేటుకి అమ్ముతారు.

మావయ్య రెండు పంపించాడు. ఒక సీసాలో సిస్ట్, ఒక థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య చిన్న గుల్లలు ఓ రెండు కిలోలు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్న మా కజిన్ చేతికి ఇచ్చి పంపితే, పొద్దున్నే లింగంపల్లి స్టేషన్‌కి వెళ్ళి తెచ్చుకున్నాను. రైల్లో పక్క బెర్తు ఆవిడ రాత్రంతా కిటికీ తీసి ఉంచిందట, పాపం.

ఇక ఇంట్లో గొడవ. ఆ రోజు శుక్రవారం. మా అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ఫ్రీజర్ తెరిచి ఆ కవరు చూసి "శుక్రవారం పూట ఈ నీచేంటి బాబూ, అందులోనే పాలప్యాకెట్లు కూడానా?" అన్నారు. "చేపకండీ" అన్నాను. "చేపే నీచు, మళ్ళీ దానికి నీచా!" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. చివరికి బాల్కనీలో పెట్టడానికి ఒక పాత చిన్న ఫ్రిజ్ కొన్నాను, ఆ ఖర్చు ఈ చేప ఖాతాలోనే రాసుకున్నాను.

ముందు సిస్ట్ పొదిగించాను. రెండు లీటర్ల నీళ్ళ బాటిల్ అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసి, ఉప్పునీళ్ళు పోసి, గాలి గొట్టం పెట్టి ఒక రోజు వదిలేస్తే చాలు, నారింజరంగు పిల్లలు వచ్చేస్తాయి. గాలి ఆపి లైటు పెడితే అన్నీ వెలుతురు దగ్గరకి చేరతాయి, అప్పుడు లాగి తీసుకోవడమే. పుట్టిన కొద్ది గంటల్లోనే వేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ వాటిలో సత్తువ తగ్గిపోతుంది. నిజానికి ఆ సైజు కాపర్‌బ్యాండ్ కడుపు నింపదు. కానీ కదులుతుంది కదా! తొమ్మిదో రోజు సాయంత్రం మొదటిసారి ముక్కు కదిపింది. రెండు మూడు సార్లు టక్ టక్‌మని. నేను కుర్చీలోంచి లేవలేదు, లేస్తే దాక్కుంటుందని.

మర్నాడు గుల్ల పెట్టాను. ఫ్రీజర్లోంచి తీసి, కడిగి, తెరిచి, మాంసం అంటుకుని ఉన్న సగం చిప్పను రెండు రాళ్ళ మధ్య ఇరికించాను. ఇదిగో ఇక్కడ జరిగింది చెప్పకుండా ఉండలేను. చేప అడుగు దూరంలో ఆగింది. ఒక పక్కకి ఒరిగి ఒక కన్నుతో చూసింది, మళ్ళీ రెండో పక్కకి తిరిగి ఇంకో కన్నుతో చూసింది, బంగారు కొట్టులో మా అమ్మ గాజు తిప్పి చూసినట్టు. తర్వాత ఆ పట్టకారు లాంటి మూతిని చిప్ప అంచు కిందకి దూర్చి ఒక పీలిక లాగింది. వీపు మీది రెక్క నిక్కబొడుచుకుంది, దాని చివర్లో ఉండే నల్లటి దొంగ కన్ను కూడా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పది నిమిషాల్లో చిప్ప తెల్లగా అయిపోయింది.

అప్పటి నుంచి రోజూ అదే చిప్ప, అదే చోటు, పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ. మావయ్య చెక్ ట్రే అదే అనుకోండి. అరగంట తర్వాత చిప్ప తీసేయాలి, మిగిలిందెంతో చూడాలి, లేకపోతే నీళ్ళు కంపు కొడతాయి. మూడు వారాలకి పొట్ట నిండుగా వచ్చింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, పెల్లెట్ డబ్బా తీశాను.

మెత్తగా ఉండి నీళ్ళలో మునిగే రకం, ఒక మిల్లీమీటరు సైజు తీసుకోండి. తేలేది వద్దు, ఈ చేప పైకి వచ్చి తినేది కాదు. పెల్లెట్లు పొడి చేసి, గుల్ల మాంసం తరిగి, రెండూ ముద్ద చేసి ఖాళీ చిప్పలో మెత్తాను. మొదటిసారి ఉత్తి ముద్ద పెట్టేసరికి నీళ్ళలో పొగలా విడిపోయి, స్కిమ్మర్ (నీళ్ళలో మురికిని నురగగా తీసే పరికరం) పొంగి, నురగంతా కింద క్యాబినెట్‌లోకి కారి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పడింది. టెన్షన్‌తో చేతులు వణికాయి, మెయిన్ ఆపేసి తుడుచుకున్నాను. మీ బోర్డు కింద ఉంటే ఈ రోజే గోడకి పైన కొట్టించండి, చేప సంగతి తర్వాత. మరుసటిసారి కొంచెం జెలటిన్ కలిపి ఫ్రిజ్‌లో గట్టిపడేదాకా ఉంచాను, సరిపోయింది. నాలుగు వంతులు గుల్ల, ఒక వంతు పొడి. చేప ఏమాత్రం తేడా పెట్టలేదు. నాలుగైదు రోజులకొకసారి పొడి పెంచుతూ వెళ్ళాను. సగం సగం దగ్గర రెండు రోజులు అలిగింది, మళ్ళీ వెనక్కి తగ్గాను. ఇక్కడే చాలామంది మొండికేస్తారు. చేపతో పంతమేంటండీ!

ఇంచుమించు రెండున్నర నెలలకి చిప్పలో ముద్ద మధ్యలో నానబెట్టిన పూర్తి పెల్లెట్లు గుచ్చి పెడుతున్నాను. ఒక సాయంత్రం ఒక పెల్లెట్ ఊడి నీళ్ళలో తేలుతూ పోయింది. చేప దాని వెనకాలే వెళ్ళి గాల్లో పట్టినట్టు పట్టేసింది, ఉమ్మేస్తుందేమో అని చూశాను, ఉమ్మలేదు. మా ఆవిడని పిలిచి చూపిద్దామంటే అప్పటికే మింగేసింది. ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఇంకో మాట. కొంతమంది ఐప్టేసియా (ట్యాంకు రాళ్ళ మీద కలుపులా పెరిగే జీవి) తింటుందని మాత్రమే ఈ చేపను కొంటారు, అది తినేశాక ఏం పెట్టాలో ఆలోచించరు. మీరూ అందుకే కొన్నారేమో తెలియదు. అలా అయితే ఆ ఐప్టేసియా ఉన్న రాయిని ఇప్పుడు ముట్టుకోకండి, మీ చేపకి ప్రస్తుతం ఉన్న వంటగది అదొక్కటే కావచ్చు. మొన్న ఒకాయన ఇలాగే తినని సీ హార్స్ గురించి నన్నడిగాడు, అవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయని చెప్తే ఫోన్ పెట్టేశాడు. మేత అలవాటు చేయడం సంగతి అటుంచి, ముందు అమ్మినవాడిని ఇదెలా అమ్ముతున్నావని అడగాల్సింది.

మలం తెల్లటి దారంలా వస్తుంటే మాత్రం నేను చెప్పిందంతా పక్కన పెట్టి, లోపల పురుగులున్నాయేమో అని మందు సంగతి చూడండి. రోగంతో తినకపోవడం వేరు, తెలియక తినకపోవడం వేరు.

మీ ట్యాంకులో రెండు డామ్సెల్స్ ఉన్నాయని చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నన్నడిగితే మీ అసలు సమస్య అదే. మీరు గుల్ల పెట్టిన అర నిమిషంలో అవి వచ్చి లాగేస్తాయి, ఈ పిరికిది రాయి వెనకాలే ఉండిపోతుంది. పాత ప్లాస్టిక్ డబ్బాకి నాలుగు వైపులా సన్నటి బొక్కలు పెట్టి ట్యాంకు అంచుకి తగిలించి డామ్సెల్స్‌ని ఓ నెల అందులో ఉంచండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. గుల్లలు రేపు వెతుక్కోవచ్చు, ఈ పని మాత్రం రాత్రి లైట్లు ఆపాక చేసేయండి, పడుకున్నప్పుడైతే తేలిగ్గా దొరుకుతాయి.