సినిమా రివ్యూలు తెప్పించే ప్రోగ్రాం ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి నరసరావుపేటలో బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఆఖరి సంవత్సరం చదువుతోంది. కొన్ని నెలలుగా రాత్రి పన్నెండు దాకా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటోంది. అడిగితే, ఇంగ్లిష్ పేపర్లలో వచ్చే సినిమా, టీవీ రివ్యూలను ఏపీఐతో తెప్పించే ప్రాజెక్టు చేస్తున్నానంటుంది. మొదట ఏదో రివ్యూల సైటు నుంచి కాపీ చేసే ప్రోగ్రాం రాస్తే ఆ సైటు వాళ్లు ఆపేశారట. సినిమా పిచ్చికి కంప్యూటర్ పేరు పెట్టుకుందని వాళ్ల నాన్న కోపం. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు 45 వేలు కడితే డేటా సైన్స్ కోర్సుతో పాటు ప్రాజెక్టు కూడా తామే ఇస్తామంటున్నారు. ఇది మాన్పించి అక్కడ చేర్పించాలా? లేక ఐసెట్ రాయించి ఎంసీఏ చదివించాలా?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మాన్పించకండి. ఆ 45 వేలు కూడా ఇప్పుడే కట్టకండి.

ముందు ఆ 'ప్రాజెక్టు కూడా ఇస్తాం' అన్న మాట సంగతి చూద్దాం. కోచింగ్ సెంటర్లు ఇచ్చే రెడీమేడ్ ప్రాజెక్టుల్లోనూ సినిమా రివ్యూలు బాగానే కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి ముడిసరుకు ఒకటే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో విడుదల చేసిన 50 వేల ఐఎండీబీ (సినిమాల వివరాలు, రేటింగులు ఉండే వెబ్‌సైటు) రివ్యూల సెట్ అది. అవి మామూలు ప్రేక్షకులు రాసినవి, పైగా మంచివి సగం, చెడ్డవి సగం అని ముందే విడదీసి పెట్టినవి. దాని మీద నాలుగు లైన్లు నడిపి 'పాజిటివా, నెగెటివా' తేల్చేస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు. 'ఈ డేటా ఎలా తెచ్చావు?' అని అడిగితే, డౌన్‌లోడ్ చేశానని చెప్పడం తప్ప ఆ పిల్లల దగ్గర ఇంకో మాట ఉండదు. మీ అమ్మాయి ఇప్పుడు కుస్తీ పడుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే.

ఏపీఐ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ కోసం మనం తహసీల్దారు ఆఫీసు బీరువాలు తెరవం కదా. వాళ్లడిగిన వివరాలు వాళ్లు చెప్పిన పద్ధతిలో ఇస్తే కౌంటర్లో కాగితం చేతికొస్తుంది. ఏపీఐ అలాంటి కౌంటరే. కాకపోతే అడిగేదీ ఇచ్చేదీ రెండూ ప్రోగ్రాములు. మీ అమ్మాయి మొదట చేసినదాన్ని స్క్రేపింగ్ అంటారు. అంటే కౌంటర్ వదిలేసి కిటికీలోంచి బీరువా ఫొటోలు తీసుకోవడం. ఆ సైటు వాళ్లు ఆపేశారంటే ఆశ్చర్యం లేదు. చాలా సైట్ల నిబంధనల్లో అది కుదరదని రాసే ఉంటుంది. ఆపేశాక ఇంకో దొడ్డిదారి వెతక్కుండా ఏపీఐ వైపు మళ్లింది చూశారా, నాకు నచ్చింది అక్కడే.

ఏ కౌంటర్‌కి వెళ్లాలన్నది ఇంకో సంగతి. వృత్తి విమర్శకులు రాసిన రివ్యూలు కావాలంటే బ్రిటన్ పత్రిక గార్డియన్ నడిపే ఓపెన్ ప్లాట్‌ఫామ్‌తో మొదలుపెట్టమనండి. 2009 నుంచీ ఉంది. వ్యాపారానికి కాకుండా నేర్చుకోవడానికైతే కీ ఉచితంగానే ఇస్తారు. కీ అంటే మనం ఎవరమో చెప్పే అక్షరాల వరస. ఆ ఉచిత కీతో సెకనుకు ఒక్కసారి, రోజుకు 500 సార్లు అడగొచ్చు. సినిమా రివ్యూలు, టీవీ రివ్యూలు వేరువేరుగా అడిగే వీలుంది, విమర్శకుడు ఇచ్చిన నక్షత్రాలు కూడా అడిగితే వస్తాయి. అడక్కపోతే మాత్రం రావు. 'రేటింగ్ రావట్లేదండీ' అని తలపట్టుకునే పిల్లల్లో చాలామంది ఆ ఒక్క ఫీల్డు (అంటే వివరం) అడగడం మర్చిపోయినవాళ్లే.

న్యూయార్క్ టైమ్స్‌దీ ఇలాంటి ఏర్పాటే. వాళ్లకు ఒకప్పుడు సినిమా రివ్యూల కోసమే విడిగా ఏపీఐ ఉండేది, ఇప్పుడు లేదు. పాత యూట్యూబ్ వీడియోలు, పాత కాలేజీ ప్రాజెక్టులు ఇంకా దాన్నే చూపిస్తుంటాయి. అది చూసి రాసి, ఎర్రర్ వస్తే తప్పు తనదేమోనని టెన్షన్ పడొద్దని చెప్పండి. ఇప్పుడు అదే పత్రిక ఆర్టికల్ సెర్చ్ ఏపీఐలో 'మూవీస్' సెక్షన్, 'రివ్యూ' రకం అని వడగట్టి తెచ్చుకోవాలి. అక్కడ నిమిషానికి 5, రోజుకు 500 పరిమితి. కాబట్టి ఒకసారి అడిగాక మళ్లీ అడిగేముందు 12 సెకన్లు ఆగేలా ప్రోగ్రాం రాయాలి. తొందరపడితే 429 అనే జవాబొస్తుంది, మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు, ఆగు అని దానర్థం. 401 వస్తే కీ తప్పు.

విమర్శకుల రివ్యూలన్నీ ఒకచోట చేర్చే రాటెన్ టొమేటోస్ సైటు డేటా కావాలంటే అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి, విద్యార్థి ప్రాజెక్టుకు అది జరిగే పని కాదు. ఓఎండీబీ అనే సేవ ఉచిత కీతో రోజుకు వెయ్యిసార్లు జవాబిస్తుంది. చాలా సినిమాలకు ఐఎండీబీ, రాటెన్ టొమేటోస్, అలాంటిదే ఇంకో సైటు మెటాక్రిటిక్ స్కోర్లు ఒకేచోట ఇస్తుంది కానీ రివ్యూ పాఠం ఇవ్వదు. టీఎండీబీ అనే సినిమా డేటాబేసులో రివ్యూలుంటాయి కానీ అవి సభ్యులు రాసినవి, పత్రికల విమర్శకులవి కావు. ఈ తేడా తెలియకుండా 'ప్రొఫెషనల్ రివ్యూలు' అని రెజ్యూమేలో రాస్తే ఇంటర్వ్యూలో ఇబ్బంది పడుతుంది.

ఇక అసలు పని ఎక్కడుందో చెబుతాను. గార్డియన్‌ని రివ్యూలు అడిగితే మొదట వచ్చే జవాబులో 'మొత్తం' అన్నచోట వేలల్లో అంకె ఉంటుంది, కింద చూస్తే పదే ఉంటాయి. ఏమీ చెప్పకపోతే పేజీకి పదే ఇస్తుంది మరి. మిగతావి పేజీ తర్వాత పేజీ అడిగి తెచ్చుకోవాలి. ఇది గమనించక, ఆ పది రివ్యూల సగటు తీసి గ్రాఫ్ గీసేసినవాళ్లున్నారు. తర్వాతి చిక్కు సినిమా పేరు. అది విడిగా రాదు, హెడ్‌లైన్‌లో కలిసి ఉంటుంది. సినిమా పేరు, పక్కన 'రివ్యూ' అన్న మాట, ఒక గీత, ఆ తర్వాత విమర్శకుడి ఒక్కముక్క వ్యాఖ్య. అక్కడ కోసి పేరు తీయాలి. ఆ గీత మన కీబోర్డు మీద ఉండే చిన్న గీత కాదు, అచ్చులో వాడే కాస్త పొడుగు గీత. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ప్రోగ్రాంకి మాత్రం వేరు. ఒక పూటంతా దాని దగ్గరే గడిచిపోవచ్చు. నక్షత్రాలు అంకెగా కాక అక్షరంగా వస్తాయి, మార్చుకోకపోతే కూడిక తప్పుతుంది. తేదీలు గ్రీనిచ్ లెక్కలో ఉంటాయి కాబట్టి మన టైముకు ఐదున్నర గంటలు కలపాలి. అప్పుడు కొన్ని రివ్యూల తేదీ మరుసటి రోజుకు జరుగుతుంది.

చదవడానికి ఇవన్నీ చిల్లర విషయాల్లా ఉన్నాయి కదూ? కొత్తగా చేరిన డేటా ఎనలిస్టుకీ, బ్యాకెండ్ డెవలపర్‌కీ (సైటు వెనకాల నడిచే ప్రోగ్రాములు రాసేవాళ్లకీ) మొదటి ఏడాది పడే పని దాదాపు ఇదే. బ్యాంకైనా హాస్పిటలైనా ఎక్కడి నుంచో డేటా వస్తుంది, సగం శుభ్రంగా ఉండదు, దాన్ని సరిచేయాలి. ఏపీఐలను పరీక్షించే టెస్టింగ్ ఉద్యోగాలు వేరే ఉన్నాయి. అందుకు ప్రపంచమంతా వాడే పోస్ట్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీగా 2014లో బెంగళూరులోనే మొదలైంది. మీ అమ్మాయి దాన్ని ఇంకా వాడకపోతే ఈ వారమే మొదలుపెట్టమనండి. సినిమాల సమాచారాన్నే చక్కబెట్టి అమ్మే కంపెనీలూ ఉన్నాయి, నీల్సన్ చేతిలో ఉన్న గ్రేస్‌నోట్ అలాంటిదే. ఓటీటీ సంస్థలకు కూడా ఏ సినిమా ఏ భాషది, ఎవరు నటించారు, ఏ పేరుతో వెతికితే దొరకాలి అని చూసే మెటాడేటా మనుషులు కావాలి. తెలుగు బాగా తెలిసినవాళ్లకు అక్కడ కాస్త మొగ్గు ఉంటుంది. అలాగని ఈ ప్రాజెక్టుతో నేరుగా అక్కడే ఉద్యోగం వచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఖాళీలు తక్కువ.

తెలుగు మాట వచ్చింది కాబట్టి, ప్రాజెక్టుకు ప్రత్యేకత రావాలంటే దారి అటువైపే ఉంది. మన తెలుగు రివ్యూలు పద్ధతిగా అడిగి తెచ్చుకునే ఇలాంటి కౌంటర్ నేనైతే చూడలేదు. వంద సినిమాలకు పేరు, విడుదల తేదీ, సైటు, రేటింగ్, లింకు చేత్తోనే ఒక షీటులో ఎక్కించమనండి. చేత్తో చేస్తే పరువు తక్కువేమీ కాదు. తర్వాత వాటిలో గార్డియన్ రాసిన వాటిని జత చేయాలి. అక్కడుంది తమాషా. 2015లో వచ్చిన 'బాహుబలి' పేరును ఇంగ్లిష్‌లో నిర్మాతలు రెండు 'ఎ'లు పెట్టి రాశారు, జనం ఒకటే పెట్టి రాస్తారు. 'దేవదాసు' 1953లో ఒకటి, 2006లో ఇంకొకటి. పేరుతో జతచేస్తే గందరగోళమే, అందుకే ఐఎండీబీ ప్రతి సినిమాకీ ఇచ్చే నంబరు పట్టుకోవాలి. ఓఎండీబీని కూడా ఆ నంబరుతో అడగొచ్చు.

రేటింగులూ ఒక పట్టాన కలవవు. మన దగ్గర 2.75, 3.25 మామూలే. ఆ పావు తేడాకి అభిమానులు పోట్లాడుకుంటారు కూడా. గార్డియన్ ఐదుకు లెక్కగా పూర్తి నక్షత్రాలే ఇస్తుంది. న్యూయార్క్ టైమ్స్ అసలు నక్షత్రాలే ఇవ్వదు. రాటెన్ టొమేటోస్‌లో 90 శాతం అంటే పదికి తొమ్మిది మార్కులని అర్థం కాదు, నూటికి తొంభై మంది విమర్శకులు బాగుందన్నారని. అందరూ బొటాబొటిగా బాగుందన్నా అది వందే చూపిస్తుంది. మెటాక్రిటిక్ అలా కాదు, వందకు సగటు కడుతుంది, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువిస్తుంది. వీటన్నిటినీ కలిపి ఒక సగటు కట్టేస్తే అది దేనికీ చెందని అంకె. స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల ఇది పట్టుకుని 'ఇవి ఎందుకు కలపకూడదు' అని ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు మాట్లాడగలిగితే, ఏ సర్టిఫికెట్టూ దానికి సాటి రాదు.

జాగ్రత్తలు రెండున్నాయి. కీని ప్రోగ్రాంలోనే రాసి గిట్‌హబ్‌లో (ప్రోగ్రాములు దాచుకునే, పంచుకునే సైటు) అందరికీ కనిపించేలా పెట్టకూడదు. విడి ఫైలులో దాచి, ఆ ఫైలు గిట్‌హబ్‌కు వెళ్లకుండా చూసుకోవాలి. పొరపాటున వెళితే తుడిచేయడం చాలదు, పాత ప్రతుల్లో ఉండిపోతుంది, కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. రెండోది, ఏపీఐ ఇచ్చింది కదా అని రివ్యూ మొత్తం తన సైటులో పెట్టేయకూడదు. రాసినవాళ్లకీ పత్రికకీ దాని మీద హక్కుంటుంది. శీర్షిక, రేటింగ్, తేదీ, అసలు పేజీకి లింకు పెడితే చాలు. ఏ సేవ వాడినా దాని నిబంధనలు ఒక్కసారైనా పూర్తిగా చదవమనండి. టీఎండీబీ లాంటివాళ్లు తమ పేరు కనిపించాలని, ఫలానా వాక్యం పెట్టాలని కూడా అడుగుతారు.

ఇంకొక మాట. ఈ రోజుల్లో చాట్‌జీపీటీని అడిగితే ఈ ప్రోగ్రాం ఐదు నిమిషాల్లో రాసిస్తుంది. సాయం తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. ఏదో ఒక లైను చూపించి 'ఇది తీసేస్తే ఏమవుతుంది?' అంటారు. దానికి జవాబు చెప్పలేని లైను ఏదీ తన ప్రాజెక్టులో ఉండకూడదు.

వాళ్ల నాన్నగారిని ఒక ఆదివారం పక్కన కూర్చుని చూడమనండి. ఆయనకు తెలిసిన ఏదో సినిమా పేరు చెప్పి, దాని రివ్యూ తెప్పించమనాలి. తర్వాత లేని సినిమా పేరొకటి చెప్పాలి. ప్రోగ్రాం 'దొరకలేదు' అని మర్యాదగా చెబితే సరే, ఆగిపోతే ఇంకొంచెం పని మిగిలి ఉన్నట్టు. ఆఖర్న ఇంటర్నెట్ ఆపేసి ఏమవుతుందో చూడమనండి. ఇది సినిమా పిచ్చా, పనా అన్నది ఆయనే తేల్చుకుంటారు. మీరు మాత్రం రాత్రి పన్నెండు అన్నదాన్ని పదిన్నరకు తెండి. ఆఖరి సెమిస్టర్ మార్కులు పోగొట్టుకుని చేసే ప్రాజెక్టు నాకూ వద్దు.

కోర్సు సంగతి. పైథాన్, డేటాబేసులు, స్టాటిస్టిక్స్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీల అధ్యాపకులు చెప్పినవి ఉచితంగా చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేసుల్లోంచి సమాచారం అడిగి తీసే భాష) గట్టిగా నేర్చుకుని, తెచ్చిన రివ్యూలన్నీ ఒక డేటాబేసులో పెట్టమనండి. అప్పటికీ ఫలానాది రావట్లేదు, ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి అనిపిస్తే ఆ ఒక్క సబ్జెక్టుకే చేర్పించండి.

ఎంసీఏ మంచి ఆలోచనే. మూడేళ్ల కోర్సు 2020-21 నుంచి రెండేళ్లయింది. ఇంటర్లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలన్న నిబంధన మీ అమ్మాయికి అడ్డు కాదు. ఐసెట్ రాయించండి, ఉద్యోగాలకూ దరఖాస్తులు పెట్టనివ్వండి, రెండూ ఒకేసారి నడవొచ్చు. యూనివర్సిటీ కాలేజీలోనో, ప్లేస్‌మెంట్లు నిజంగా జరిగే కాలేజీలోనో సీటొస్తే చేర్చండి. చేరేముందు అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే నిజం తెలిసిపోతుంది. అలాంటి సీటు రాకపోతే, ఎంసీఏ అనిపించుకోవడం కోసం ఎక్కడో ఒకచోట చేర్పించకండి. ఆ ఏడాది చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ అయినా చేసి, వచ్చే ఏడాది మళ్లీ ఐసెట్ రాసుకోవచ్చు.