ఎంక్వైరీ పద్ధతిలో సైన్స్ చెప్పాలని ఉంది... మార్కులుంటే చాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పిల్లలే ప్రశ్నలు వేసుకుని, ప్రయోగాలు చేసి నేర్చుకునే ఎంక్వైరీ పద్ధతిలో హైస్కూల్ సైన్స్ చెప్పాలని కోరిక. పాఠాలను సొంతంగా రూపొందించుకునే ఇండిపెండెంట్ స్కూళ్లలో ఇందుకు వీలుంటుందని విన్నాను. సబ్జెక్టులో మంచి మార్కులున్నాయి. అవి సరిపోతాయా? ఎలా సిద్ధం కావాలి?

జవాబు: సబ్జెక్టు మీద పట్టు ఉండాల్సిందే. అయితే తెలిసిన జవాబును ఎంతసేపు ఆపుకోవాలో, ఎప్పుడు చెప్పెయ్యాలో గ్రహించడమే ఈ ఉద్యోగంలో అసలు పని. బాగా చదువుకున్నవాళ్లకు ఇదే కష్టం. పిల్లలు కాస్త తడబడగానే వివరణ నోటిదాకా వచ్చేస్తుంది.

లోలకం పాఠమే తీసుకోండి. గుండు బరువు మారితే ఊగే వేగం మారుతుందా అని అడిగితే చాలామంది పిల్లలు అవుననే అంటారు. దారం, రకరకాల గుండ్లు, స్టాప్‌వాచ్ ఇచ్చి తేల్చమన్నారనుకుందాం. ఒక జట్టు వచ్చి, పెద్ద గుండు నెమ్మదిగా ఊగిందంటుంది. బరువుకూ దానికీ సంబంధం లేదని మీకు తెలుసు. ఆ మాట అనకుండా, ‘పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు?’ అని అడగండి. దారం అంతే ఉన్నా, పెద్ద గుండు కేంద్రం కిందికి జరగడంతో లోలకం పొడవు పెరిగిందని వాళ్లే పట్టుకుంటారు. ఒక్క ఊపునే కొలిచిన జట్టుకు ప్రతిసారీ వేరే విలువ వస్తుంది. పది ఊపులు కొలిచి పదితో భాగిద్దామన్న ఆలోచన కూడా వాళ్ల నుంచే రానివ్వండి.

మీటరు లోలకానికి ఒక పూర్తి ఊపుకు దాదాపు 2 సెకన్లు, పావు మీటరుకు దాదాపు 1 సెకను పడుతుంది. పొడవు నాలుగో వంతుకు తగ్గినా కాలం సగానికే ఎందుకు తగ్గిందని పిల్లలు అడిగినప్పుడు, కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి మారుతుందన్న సూత్రం చెప్పెయ్యండి. వర్గమూలం వాళ్లంతట వాళ్లే రాబట్టేదాకా కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు. అది వాళ్ల సమయాన్ని వృథా చేయడమే.

ఈ విషయంపై పెద్ద చర్చే నడిచింది. దారి చూపకుండా వదిలేస్తే కొత్తగా నేర్చుకునేవాళ్ల జ్ఞాపకశక్తిపై మోయలేని భారం పడుతుందని విద్యా పరిశోధకులు పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో వాదించారు. మంచి ఎంక్వైరీలో టీచర్ సాయం అడుగడుగునా ఉంటుందని సిండీ హ్మెలో-సిల్వర్, మరికొందరు 2007లో బదులిచ్చారు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు రెండు వ్యాసాలూ చదవండి. ఎంక్వైరీ అంటే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడం అనుకునే అభ్యర్థి అక్కడే తేలిపోతారు. 1987లో అమెరికాలో సైన్స్ పాఠ్యప్రణాళికలు తయారుచేసే బీఎస్‌సీఎస్ సంస్థ రూపొందించిన, ‘ఈ’ అక్షరంతో మొదలయ్యే అయిదు దశల 5ఈ నమూనా కూడా తెలిసి ఉండాలి. అందులో ముందు ఆసక్తి రేపుతారు, తర్వాత పిల్లలు అన్వేషిస్తారు, వివరణ మూడో దశలో వస్తుంది. ఆ తర్వాతే విస్తరణ, మూల్యాంకనం.

టీచర్ శిక్షణ డిగ్రీ తప్పనిసరా అన్నది దేశాన్ని, స్కూలును బట్టి మారుతుంది. తప్పనిసరి కాకపోయినా చేయమనే చెబుతాను. అనుభవజ్ఞులు వెనక కూర్చుని మీ క్లాసు చూసి, ఎక్కడ తొందరపడ్డారో చెప్పే అవకాశం ఉద్యోగంలో చేరాక అంతగా దొరకదు.

ఈలోగా నలుగురైదుగురు పిల్లలకు పాఠం చెప్పి, పెద్దల అనుమతితో ఆడియో రికార్డు చేసుకోండి. ప్రశ్న వేశాక ఎన్ని సెకన్లు ఆగారో వినండి. టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగవుతాయని అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనల్లో తేలింది. మూడు సెకన్ల మౌనం మొదట్లో ఎంతో ఇబ్బందిగా ఉంటుంది. అలవాటు చేసుకోండి. డెమో క్లాసులోనూ మీరెంత మాట్లాడారు, పిల్లలెంత మాట్లాడారు అన్నది తప్పక చూస్తారు.

ఇండిపెండెంట్ స్కూల్లో స్వేచ్ఛతోపాటు చాకిరీ కూడా ఎక్కువే. వర్క్‌షీట్లు మీరే తయారు చేసుకోవాలి, ప్రయోగాలు ముందే చేసి చూసుకోవాలి, ఒక్కొక్కరి నోట్‌బుక్ విడివిడిగా చదివి వ్యాఖ్యలు రాయాలి. అందుకే మీరూ స్కూలువాళ్లను అడగండి: క్లాసులో ఎంతమంది? ల్యాబ్‌కు వరుసగా రెండు పీరియడ్లు ఇస్తారా? ల్యాబ్ అసిస్టెంట్ ఉన్నారా? అన్నిటికన్నా ముఖ్యం, మార్కులు దేనికి వేస్తారు? ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) డిప్లొమా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ సబ్జెక్టుల్లో తుది మార్కుల్లో 20 శాతం విద్యార్థి సొంతంగా చేసే పరిశోధనకు దక్కుతుంది. అలాంటి ఏర్పాటేమీ లేకుండా అంతా బట్టీ పరీక్షలతోనే తేల్చే చోట, మీ ప్రయోగాలన్నీ సిలబస్ వెనకబడిందన్న ఫిర్యాదు దగ్గర ఆగిపోతాయి. నోటి మాటతో సరిపెట్టుకోకుండా, నిరుటి సైన్స్ ప్రశ్నపత్రం ఒకటి చూపించమని అడగండి.